వైద్యవిద్యాదాత్రి ఐడా స్కడ్డర్

వనపర్తి ప్రాంతమున శ్రీరంగాపూర్ అను గ్రామము కలదు. రంగనాయకస్వామి ఆలయమువలనను, దాని చెంతనున్న చెరువువలనను ఆ గ్రామము ప్రసిద్ధి కెక్కినది. నూరు సంవత్సరములకు పూర్వము అట్టి గ్రామములలో ఇల్లాలికి పురిటినొప్పులు వచ్చినచో మంత్రసానియే దిక్కు. కాన్పు కష్టమైనచో దేవునికి మ్రొక్కుకొనుట తప్ప వేరు గతి లేకుండెను. దూరమున నున్న పట్టణములో వైద్యుడున్నను అతడు పురుషుడు. పరపురుషుడు పురిటింటిలో అడుగిడుటకు పెక్కు కుటుంబములవారు సమ్మతింపకుండిరి. స్త్రీ వైద్యులో, దేశమంతయు వెదకినను బహు కొద్దిమంది. ఈ దుస్థితి ఒక్క పాలమూరు సీమకే పరిమితము కాదు. దక్షిణదేశమందంతటను ఇట్లే ఉండెను.

ఆ స్థితిని మార్చుటకై జీవితమును ధారపోసినవారిలో డాక్టరు ఐడా సోఫియా స్కడ్డర్ అగ్రగణ్యురాలు. ఆమె స్వయముగా వేలకొలది రోగులకు చికిత్స చేసెను. కాని అంతకంటెను గొప్ప కార్యము మరియొకటి ఆమె చేసెను. చికిత్స చేయగల చేతులను, జాలిపడగల హృదయములను ఆమె తయారుచేసెను.

స్కడ్డర్ వంశము వైద్యుల వంశము. ఐడా తాతగారైన జాన్ స్కడ్డర్ న్యూయార్కు నగరమున పేరుపొందిన వైద్యుడు. అతడు 1819వ సంవత్సరమున తన వృత్తిని, సుఖమును విడిచి మతప్రచారకుడుగాను వైద్యుడుగాను సింహళద్వీపమునకు వచ్చెను. పిమ్మట చెన్నపట్టణము చేరెను. అతని కుమారులలో పలువురు ఈ దేశముననే పనిచేసిరి. వారిలో నొకడైన రెండవ జాన్ స్కడ్డర్ ఐడాకు తండ్రి. తల్లి పేరు సోఫియా. ఐడా 1870వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో జన్మించెను. ఆమెకు అన్నలు ఐదుగురు; ఆమె ఒక్కతెయే ఆడపిల్ల, అందరికంటె చిన్నది.

రాణిపేట ఆనాటి ఉత్తరార్కాటు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ప్రత్యేకముగా ఏర్పడునంతవరకు చిత్తూరు పట్టణమే ఆ జిల్లాకు ముఖ్యస్థానము. అందువలన ఆ సీమలో అరవము, తెలుగు ప్రక్కప్రక్కనే వినబడుచుండెడివి. ఐడా చేసిన సేవ తమిళులకెంత చేరినదో తెలుగువారికిని అంతగా చేరుటకు ఇది యొక కారణము.

ఐడా ఐదారేండ్ల ప్రాయమున నున్నప్పుడు దక్షిణదేశమును ఘోరమైన కరవు పట్టి పీడించెను. 1876 మొదలు 1878 వరకు సాగిన ఆ కరవునే మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనుచుండిరి. లక్షలకొలది ప్రజలు ఆకలిచేతను, రోగములచేతను ప్రాణములు విడిచిరి. స్కడ్డర్ దంపతులు తమ ఇంటియొద్ద పిల్లలకు ఆహారము పంచిపెట్టుచుండిరి. ముద్దనెత్తి నోట పెట్టుకొనుటకైనను శక్తిలేని పసివారికి చిన్నారి ఐడా రొట్టెముక్కలను తుంచి తన చేతితో తినిపించుచుండెను. దారిప్రక్కన పడియున్న శవములను ఆమె చూచెను. ఆ దృశ్యములు ఆమె మనస్సున చెరగని ముద్ర వేసినవి. అయితే వానివలన ఆ బాలికకు కలిగినది సేవాభిలాష కాదు; భయము. ఈ దేశమున తానుండజాలనని ఆమె నిశ్చయించుకొనెను.

కొంతకాలమునకు కుటుంబమంతయు అమెరికాకు వెళ్లెను. తరువాత తండ్రియు, ఆ వెనుక తల్లియు మరల హిందూదేశమునకు రాగా ఐడా బంధువులయింట విడువబడెను. తల్లిని సాగనంపిన రాత్రి ఆ బాలిక తల్లి తలగడను కౌగిలించుకొని ఏడ్చినదని ఆమె చరిత్రకారులు వ్రాసిరి. పిమ్మట ఆమె మాసచూసెట్సు రాష్ట్రములోని నార్త్‌ఫీల్డు పాఠశాలలో చదివెను. చురుకైన పిల్ల, నవ్వుచు నవ్వించుచు నుండు పిల్ల. తోడి బాలికలవలెనే మంచి ఇల్లు, సుఖమైన సంసారము కోరుకొనెను. స్కడ్డర్ వంశమున పుట్టినవారందరు హిందూదేశమునకు పోయి తీరవలెనా యని ఆమె ప్రశ్నించుచుండెను.

1890వ సంవత్సరమున తల్లికి జబ్బుగా నున్నదను వార్త వచ్చెను. ఐడా ఓడనెక్కి తిండివనమునకు వచ్చెను. తల్లికి ఉపచారము చేసి, ఆమె కోలుకొనగానే తిరిగిపోవలెనని ఆమె సంకల్పము. అప్పుడు జరిగిన ఒక రాత్రి కథ ఆమె జీవితమునే మార్చివేసెను.

ఆ రాత్రి ఐడా దీపము ముందర కూర్చుండి చదువుకొనుచుండెను. వాకిట అడుగుల చప్పుడు వినబడెను. ఒక బ్రాహ్మణ యువకుడు నిలిచియుండెను. చిన్నవయసులోనున్న తన భార్య ప్రసవవేదనతో ప్రాణాపాయ స్థితిలో నున్నదనియు, మంత్రసాని ఇక తనచేత కాదన్నదనియు, వచ్చి కాపాడవలసినదనియు అతడు వేడుకొనెను. ఐడా తనకు వైద్యము తెలియదనియు, తన తండ్రి వైద్యుడు గనుక ఆయనను తోడుకొని వత్తుననియు చెప్పెను. ఆ యువకుడు తల యూపెను. తన ఇంటి ఆచారము ప్రకారము పరపురుషుడు స్త్రీ ముఖమును చూడరాదని చెప్పి చీకటిలోనికి వెడలిపోయెను. కొంతసేపటికి ఒక మహమ్మదీయుడు వచ్చెను. అతని భార్యకును అదే ఆపద. అతడు చెప్పినదియు అదే మాట. తండ్రియే స్వయముగా వచ్చి బ్రతిమాలినను అతడు ఒప్పుకొనలేదు. అర్ధరాత్రి మరియొక హిందువు వచ్చెను. అతడును అట్లే వచ్చి అట్లే పోయెను.

ఐడాకు ఆ రాత్రి నిద్ర రాలేదు. తెల్లవారునప్పటికి ఊరిలో చావుడప్పు మ్రోగుచుండెను. ఆమె నౌకరును పంపి విచారింపజేసెను. ఆ ముగ్గురు స్త్రీలును మరణించిరి. వారిని చంపినది రోగము మాత్రమే కాదు. వారి ఇంటికి కూతవేటు దూరమున వైద్యుడుండెను; మందులుండెను. స్త్రీ వైద్యురాలు మాత్రము లేకుండెను. ఐడా గదిలోనికి పోయి తలుపు మూసికొని చాలసేపు ఆలోచించెను. వెలుపలికి వచ్చి, తాను అమెరికాకు పోయి వైద్యము నేర్చుకొని తిరిగివత్తునని తల్లిదండ్రులకు చెప్పెను.

ఆమె మాట నిలుపుకొనెను. 1895లో ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్యకళాశాలలో చేరెను. న్యూయార్కు నగరమందలి కార్నెల్ వైద్యకళాశాల స్త్రీలకు ప్రవేశము కల్పింపగా 1898లో అచ్చటికి మారి, 1899లో పట్టము పొందెను. వెళ్లుటకు ముందు వెల్లూరులో స్త్రీల ఆసుపత్రి నిర్మించుటకు ధనము సేకరింపవలసిన భారము ఆమెపై పడెను. ఇల్లిల్లు తిరిగెను, పలుచోట్ల రిక్తహస్తములతో తిరిగివచ్చెను. ఒకనాడు ఆమె ఒక ధనికురాలితో మాటలాడుచుండగా ఆ యింటనే యున్న షెల్ అను వృద్ధుడు ఆమె చెప్పినదంతయు వినెను. స్వర్గస్థురాలైన తన భార్య పేర ఆసుపత్రి కట్టింపుమని ఆయన పదివేల డాలర్లు ఇచ్చెను. అట్లు ఆసుపత్రి పునాదికి కావలసిన ద్రవ్యము సమకూడెను.

1900వ సంవత్సరారంభమున ఐడా వెల్లూరు చేరెను. తండ్రియొద్ద అనుభవము నేర్చుకొనవచ్చునని ఆమె తలచియుండెను. కాని కొద్దినెలలకే తండ్రి పరమపదించెను. కొత్త వైద్యురాలు, అందులో స్త్రీ, మార్గదర్శి లేనిది! మొదట ఆమెను నమ్మి వచ్చినవారు అరుదు. ఐనను ఆమె అధైర్యపడలేదు. తమ బంగళాలోని ఒక చిన్నగదినే వైద్యశాలగా చేసికొని కిటికీగుండ మందులిచ్చుచుండెను. ఒకరి వ్యాధి కుదిరినది చూచి మరియొకరు వచ్చిరి. రెండు సంవత్సరములలో కొన్నివేలమంది ఆమెయొద్ద చికిత్స పొందిరి. 1902లో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి వెలసెను. అందు నలువది పడకలుండెను.

పడకలున్నవి, కాని పనిచేయువారేరీ? ఆసుపత్రికంతటికి వైద్యురాలు ఐడా ఒక్కతెయే. శిక్షణ పొందిన నర్సు ఒక్కతెయైనను లేదు. సలోమి అను వంటవాని భార్య ఆమెకు సహాయురాలు. చదువులేని ఆ యిల్లాలికి చేతులెట్లు శుభ్రపరచుకొనవలెనో, పనిముట్లెట్లు మరుగునీట నుంచవలెనో, కట్టెట్లు కట్టవలెనో ఐడా ఓపికతో నేర్పెను. సలోమి నేర్చుకొనెను. పెద్ద శస్త్రచికిత్సలలో సైతము ఆమెయే ప్రక్కన నిలిచి సాయపడెను. ఐడా చేతిక్రింద తయారైన మొదటి శిష్యురాలు ఆమెయే యనవచ్చును. శ్రద్ధగా నేర్పువారుండినచో ఈ దేశపు స్త్రీలు ఎంతటి పనినైనను చేయగలరను సత్యము ఐడాకు అప్పుడే బోధపడెను.

ఐడా ఆసుపత్రిలో కూర్చుండి రోగులకొరకు ఎదురుచూచుటతో తృప్తిపడలేదు. పట్టణమునకు రాలేనివారి యొద్దకు వైద్యమే పోవలెనని ఆమె అభిప్రాయము. వెల్లూరునుండి గుడియాత్తము పోవు బాటను ఆమె వారమున కొకసారి బయలుదేరుచుండెను. మొదట ఎడ్లబండి, గుర్రపుబండి. 1909 ప్రాంతమున ఒక చిన్న మోటారుకారు వచ్చెను. గ్రామస్థులు ఆ కారును చూచి దయ్యమని బెదరి పొలములలోనికి పరుగెత్తిరట. క్రమముగా భయము తీరెను. ఆమె వచ్చు దినమున బాటప్రక్కనున్న చెట్లనీడను రోగులు బారులు తీరి కూర్చుండెడివారు. పుండ్లు కడుగుట, కట్లు కట్టుట, పండ్లు పీకుట, కంటికి మందు వేయుట, గడ్డలు కోయుట మున్నగునవి అచ్చటనే జరుగుచుండెను. కుష్ఠరోగులను సైతము ఆమె అసహ్యింపక దగ్గరకు చేర్చుకొనెను.

ఇట్లు ఎంత పాటుపడినను పని తరుగుటకు మారు పెరుగుచుండెను. ఒక గ్రామమునకు పోయిన దినమున మరి పది గ్రామములవారు ఎదురుచూచుచుండిరి. తాను ఎన్నిగంటలు శ్రమించినను తనకున్నవి రెండు చేతులే యని ఐడా గ్రహించెను. రెండు చేతులను ఇరువది చేతులుగా, రెండువందల చేతులుగా పెంచవలెను. అందుకు ఒక్కటే మార్గము: విద్య. 1909లో ఆమె నర్సుల శిక్షణాలయమును స్థాపించెను. పిమ్మట స్త్రీలకు వైద్యపాఠశాలను పెట్టవలెనని సంకల్పించెను.

అది సులభమైన పని కాదు. ప్రథమ ప్రపంచయుద్ధము జరుగుచుండెను, ధనము లేదు, భవనములు లేవు. ఆడపిల్లలను చదివించుటయే అరుదైన కాలమున వైద్యము చదువుటకు ఎవరు వత్తురని పెద్దలే సందేహించిరి. మదరాసు ప్రభుత్వ వైద్యశాఖాధిపతి సైతము, కనీసము ఆరుగురైనను దొరికినచో ప్రారంభింపుమని నవ్వుచు అనుమతించెను. కాని అనుకొన్నదానికంటె ఎన్నో రెట్లు దరఖాస్తులు వచ్చినవి. 1918వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన వెల్లూరు వైద్యపాఠశాల తెరువబడెను. అద్దెయింట పాఠములు; ఒక అస్థిపంజరము, ఒక సూక్ష్మదర్శిని, కొలదిపాటి పుస్తకములు; ఇవియే వారి ఉపకరణములు. మొదటి తరగతిలో పదునేడుగురు బాలికలు నిలిచిరి.

ఐడా వారికి శరీరశాస్త్రమును స్వయముగా బోధించెను. ఉదయము పాఠము, తరువాత ఆసుపత్రి పని, రాత్రి మరల పాఠమునకు సిద్ధపడుట. వ్యాధి లక్షణములను పుస్తకమున చదివిన విద్యార్థినులు వానిని మంచముమీది రోగియందు గుర్తింపవలెను. ఆసుపత్రిలో చూచినదానిని పల్లెబాటలోను చూడవలెను. ఆమె తన శిష్యురాండ్రను కారులో ఎక్కించుకొని చెట్లక్రింది వైద్యశాలలకు తీసికొనిపోవుచుండెను. రోగి ఎచ్చటనుండి వచ్చెనో, ఏమి తినునో, ఎట్టి ఇంట నివసించునో తెలియక వ్రాసిచ్చిన మందు సగము మందేయని వారికి అచ్చట తెలియవచ్చెను. దుర్గంధము కొట్టు పుండును కడుగునప్పుడు వైద్యురాలి ముఖమున ఏవగింపు కనబడినచో రోగి బాధ రెట్టింపగునని వారు ఆమెను చూచి నేర్చుకొనిరి. నైపుణ్యములేని జాలి రోగిని బ్రతికింపజాలదు. జాలిలేని నైపుణ్యము రోగిని మనుష్యునిగా చూడజాలదు. ఈ రెండును కలిసినదే వైద్యమని ఆమె నడవడియే బోధించెను.

పనివేళ ఎంత కఠినురాలో తీరికవేళ అంత స్నేహశీల. విద్యార్థినులతో టెన్నిసు ఆడెడిది; గులాబీతోటను పెంచెడిది; వారి కష్టసుఖములు విచారించెడిది. అందువలన వారందరు ఆమెను ఇంటి పెద్దగా నెంచి ఆంట్ ఐడా యని పిలుచుచుండిరి.

మొదటి సంవత్సరాంతమున పరీక్షలు వచ్చెను. మదరాసు రాజధానిలోని పురుషుల వైద్యపాఠశాలల విద్యార్థులతోపాటు ఈ బాలికలును పరీక్ష వ్రాయవలసియుండెను. చాలమంది పురుషులే తప్పుచుండగా వీరి గతి యేమగునో యని అందరును అనుమానించిరి. ఫలితములు వెలువడెను. పరీక్షకు కూర్చున్న వెల్లూరు బాలికలందరును ఉత్తీర్ణులైరి. కొందరు ప్రథమశ్రేణిలో నిలిచిరి. నవ్వినవారే మెచ్చుకొనిరి. 1922లో మొదటి జట్టు విద్యార్థినులు వైద్యులై వెలుపలికి వచ్చిరి. వారు వెలుగెరుగని గోషాలకును, వైద్యమెరుగని పల్లెలకును పోయిరి.

పాఠశాల పెరిగెను. ఐడా అమెరికాలో పర్యటించి విరాళములు సేకరించెను. తోటపాళయమున విశాలమైన ఆసుపత్రి లేచెను. పట్టణమునకు కొన్ని మైళ్ల దూరమున కొండలనడుమ బాగాయము అను చోట 1932లో కళాశాలా భవనములు వెలసినవి.

అంతలో ఒక పెద్ద గండము వచ్చెను. ఆ కాలమున వైద్యపాఠశాలలలో చదివినవారికి ఎల్.ఎం.పి. అను యోగ్యతాపత్రము మాత్రమే లభించుచుండెను. విశ్వవిద్యాలయ పట్టము ఎం.బి.బి.ఎస్. దేశమునకు ఉన్నతప్రమాణముగల వైద్యులే కావలెనని 1938వ సంవత్సర ప్రాంతమున ప్రభుత్వము ఎల్.ఎం.పి. చదువును నిలిపివేయ నిశ్చయించెను. వెల్లూరు పాఠశాల నిలువవలెనన్నచో కళాశాలగా మారవలెను. అందుకు మరిన్ని పడకలు, ప్రయోగశాలలు, ఉన్నతపట్టములుగల ఆచార్యులు, మిక్కిలి ధనము కావలెను. అప్పటికి ఐడాకు దాదాపు డెబ్బది యేండ్లు. ఇంతటితో చాలునని విశ్రమించినచో ఎవరును తప్పుపట్టియుండరు. ఆమె విశ్రమింపలేదు. 1941లో మరల అమెరికాకు వెళ్లి, యుద్ధము సాగుచున్న ఆ రోజులలో నగరమునుండి నగరమునకు తిరిగి ఉపన్యసించెను.

ఆ సమయముననే మరియొక చిక్కు ఎదురయ్యెను. కళాశాలను పురుషులకును తెరచినచో అనేక సంఘములు కలిసి సాయము చేయుటకు సిద్ధముగా నుండెను. కాని ఐడా పూనుకొన్నది స్త్రీలకొరకు గదా! స్త్రీవిద్యకని ధనమిచ్చిన ఆప్తమిత్రులు కొందరు ఈ మార్పు మాటతప్పుటయే యని నొచ్చుకొనిరి. వారు పరాయివారు కారు, కష్టకాలమున ఆదుకొన్నవారు. వారి వాదమున న్యాయము లేకపోలేదు. ఐడా చాలకాలము మథనపడెను. తుదకు, తాను పెట్టిన నియమముకంటె రోగుల మేలే పెద్దదని తలచి సహవిద్యకు సమ్మతించెను. 1942లో ఎం.బి.బి.ఎస్. చదువు ఆరంభమయ్యెను. 1947లో పురుష విద్యార్థులును చేరిరి. 1946లోనే నర్సులకు విశ్వవిద్యాలయ పట్టమునిచ్చు చదువు అచ్చట ప్రారంభమైనది. మనదేశమున నర్సులకు పట్టవిద్యను మొదట నెలకొల్పిన సంస్థలలో వెల్లూరు ఒకటి.

1946లో ఐడా బాధ్యతలనుండి విరమించెను. సంస్థ ఆమెమీదనే ఆధారపడి నిలువలేదు. అదియే ఆమె విజయము. 1948లో ఆ సంస్థకు తొలి భారతీయ సంచాలకురాలైన డాక్టరు హిల్డా లాజరస్ మన విశాఖపట్టణమున పుట్టిన తెలుగు ఆడపడుచు. ఆమె దేశమున పలు ఆసుపత్రులలో స్త్రీవైద్యమున నిపుణురాలుగా పేరొందినది. ఆ కాలముననే డాక్టరు పాల్ బ్రాండ్ వెల్లూరులో కుష్ఠరోగుల వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సచే సరిచేయు విధానమును అభివృద్ధిపరచెను. ఒకనాడు ఐడా చెట్టునీడను కడిగిన పుండ్లకును ఈ చికిత్సకును సంబంధము లేకపోలేదు. తక్కినవారు దూరముగా నుంచినవారిని దగ్గరకు తీసికొనుటయే రెండింటికిని మూలము.

ఐడా తుదిదినములను కొడైకెనాలులో గడిపెను. 1960వ సంవత్సరము మే 24వ తేదీన తన ఎనుబదితొమ్మిదవయేట అచ్చటనే కన్నుమూసెను. చిన్ననాడు ఏ దేశమునుండి పారిపోవలెనని తలచెనో ఆ దేశపు మట్టిలోనే ఆమె విశ్రమించెను.

ఆమె నాటిన విత్తు నేడు మహావృక్షమైనది. వెల్లూరు ఆసుపత్రికి తెలుగు సీమలనుండి రోగులు నేటికిని వెళ్లుచుందురు. చిత్తూరు సమీపమునను ఆ సంస్థ శాఖ వెలసినది. ఇక మన పాలమూరు సీమలో 2022వ సంవత్సరమున వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములందు ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. ఒకనాడు మంత్రసానియే దిక్కుగా నుండిన గ్రామములకు చేరువలోనే నేడు ఆడపిల్లలు, మగపిల్లలు వైద్యము చదువుచున్నారు. శ్రీరంగాపూర్ పాఠశాలలో ఈ పాఠము చదువు బాలిక రేపు ఆ తరగతిలో కూర్చుండవచ్చును.

విద్యార్థులారా! వైద్యులు కాగోరువారు మీలో కొందరుందురు. దానికి మంచి మార్కులు కావలెను. కఠిన పరిశ్రమ కావలెను. అవి లేక నైపుణ్యము రాదు. కాని ఐడా వైద్యురాలగుటకు కారణము మార్కులు కావు. ఒక రాత్రి మూడుసారులు తన తలుపు తట్టబడగా సాయపడలేకపోతినను బాధను ఆమె మరచిపోలేదు. ఆ బాధను జ్ఞానముగా, ఆ జ్ఞానమును ఇతరులకు విద్యగా మార్చెను. మన తలుపును తట్టువారు ఏ కులమువారైనను, ఏ మతమువారైనను, వారికి తెరువగల నేర్పును, తెరువవలెనను మనస్సును సంపాదించుకొనుటయే ఆమెకు మనము చేయదగిన నివాళి.